రెండో షెడ్డు

ఉద్యోగం మానేసి రెండేళ్ళయినా జమేదారుకి పాత అలవాటు పోలేదు. పొద్దున్నే వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా నడుస్తూ, మూసి ఉన్న ప్రతి షట్టరు తాళాన్నీ ఓసారి లాగి చూసేవాడు. కొట్లవాళ్ళు మొదట్లో అనుమానపడ్డారు, తర్వాత నవ్వుకున్నారు, ఆ తర్వాత పట్టించుకోవడం మానేశారు. ముప్ఫై ఒక్క ఏళ్ళు కాగితం గోడౌనులో కాపలా కాసిన చెయ్యి అది. తాళం కనిపిస్తే ఊరుకోదు.

ఆయనకి పెళ్ళి కాలేదు. ఒక గదిలో ఉండేవాడు. పక్క వీధిలో అక్క, ఆమె కూతురు. ఇరవై నాలుగేళ్ళ కిందట బావ అదే గోడౌనులో, రెండో షెడ్డులో నిచ్చెన మీద నుంచి జారి పడి చనిపోయాడు. బావకి ఆ ఉద్యోగం ఇప్పించింది జమేదారే. అప్పటికి మేనకోడలికి ఆరేళ్ళు. ఆ పిల్లని సైకిలు మీద బడికి దింపినా, జ్వరం వస్తే పక్కన కూర్చున్నా, అక్క ఇంట్లో కుళాయి కారితే రెంచి పట్టుకుని పరిగెత్తినా అంతా ఆయనే. ‘తమ్ముడంటే అలా ఉండాలి’ అని చుట్టుపక్కల వాళ్ళు అంటూ ఉంటే ఆయన ఏదో పని గుర్తొచ్చినట్టు లేచి వెళ్ళిపోయేవాడు. మనిషికి పొగడ్తలు గిట్టవని అందరూ ఇంకాస్త మెచ్చుకునేవారు.

ఆ మేనకోడలు ఇప్పుడు వీడియో గేములు తయారుచేసే ఆఫీసులో పని చేస్తోంది. ఒక ఆదివారం పొద్దున ఆయన గదికి వచ్చి మంచం మీద చతికిలబడింది.

“మావయ్యా, నీకో ఉద్యోగం చూశాను.”

“ఈ వయసులో నన్ను పెట్టుకునే వెర్రివాడెవడే?”

“మా డైరెక్టరు. మా గేములో కాపలావాళ్ళు తిన్నగా లేరని జనం తిట్టిపోస్తున్నారు. నాకు అసలైన కాపలావాడు ఒకడు తెలుసు, తీసుకొస్తానని చెప్పాను. వారానికి ఒక పూట వచ్చి కూర్చుంటే చాలు.”

“కూర్చోవడమే కదా, అందులో నాకు అనుభవం ఉంది” అన్నాడు ఆయన.

ఆఫీసు ఒక పొడుగాటి హాలు. పగలు కూడా కిటికీలకి నల్ల తెరలు దించి ఉన్నాయి. గోడ మీద రెండు పెద్ద కాగితాలు అంటించారు. గేము మొదటి భాగం ఆడినవాళ్ళు రాసిన మాటల్లోంచి ఏరి, బాగున్నవి ఒక కాగితం మీద, బాగాలేనివి ఇంకో కాగితం మీద రాసి పెట్టారు. డైరెక్టరు గడ్డం పెంచుకున్న కుర్రాడు, మర్యాద తెలిసినవాడు. ఆయన్ని తన కుర్చీలోనే కూర్చోబెట్టి గేము చూపించాడు.

ఒక గూఢచారి పిల్ల. గోడల నీడల్లో నక్కుతూ, ఎవరి కంటా పడకుండా భవనంలోకి దూరి, కావలసిన కాగితాలు తీసుకుని బయటపడాలి. అంతా సినిమాలాగే తీశారు. కెమెరా ఆ పిల్ల భుజం వెనకే ఊపిరి బిగబట్టి నడుస్తున్నట్టు ఉంటుంది. తడి నేల మీద అడుగు ఒకలా వినిపిస్తుంది, రేకు మీద ఇంకోలా. మధ్యమధ్యలో ఆట ఆపేసి కథ నడిపిస్తారు. అప్పుడు పావుగంట సేపు చేతిలో కంట్రోలరు పెట్టుకుని ఊరికే చూస్తూ కూర్చోవాలి.

రెండు గంటలు చూశాక డైరెక్టరు అడిగాడు. “ఎలా ఉంది సార్? మొహమాటం లేకుండా చెప్పండి.”

“చీకటి బాగా చేశారు బాబూ. చాలామంది చీకటి అంటే నలుపు అనుకుంటారు. మీ చీకటిలో ఏదో ఉన్నట్టే ఉంది. ఆ అడుగుల చప్పుడు వింటే నాకు ఒళ్ళు జలదరించింది. కథ మాత్రం మరీ సాగదీశారు. అందులో ముసలాయన ఒకడు చచ్చిపోతూ అంతసేపు మాట్లాడితే, చంపినవాడు కూడా విసుగొచ్చి ఇంటికి పోతాడు.”

హాల్లో అందరూ నవ్వారు.

“మరి కాపలావాళ్ళు?”

“వాళ్ళకి జీతం దండగ. గానుగెద్దుల్లా ఒకటే దారిలో తిరుగుతున్నారు. ఒక్కడికీ దాహం వెయ్యదు, ఒక్కడికీ ఒంటికి రాదు. పక్కవాడు పావుగంట నుంచి కనిపించకపోతే ఏమయ్యాడని అడిగే దిక్కు లేదు. నేను మూసిన తలుపు తెరిచి ఉంటే నాకు అన్నం సహించేది కాదు. వీళ్ళు దాని పక్కనుంచే పోతున్నారు.”

డైరెక్టరు గబగబా రాసుకున్నాడు. తర్వాత, బాగాలేని వాటి కాగితం మీద అన్నిటికంటే పైన ఉన్న వాక్యం చూపించాడు. “అందరూ ఎక్కువగా నవ్వుకునేది దీనికి సార్. ఒకసారి చూడండి.”

తెర మీద గూఢచారి పిల్ల ఒక సీసా దూరంగా విసిరింది. కాపలావాడు ఆగాడు. అటు తిరిగి రెండు అడుగులు వేసి “ఎవరూ?” అన్నాడు. క్షణం ఆగి “ఏమీ లేదులే” అనుకుని వెనక్కి వెళ్ళిపోయాడు. అతని వెనక గోడ మీద ఇంకో కాపలావాడి శవం వేలాడుతోంది. హాల్లో వాళ్ళంతా ఎన్నిసార్లో చూసి కూడా మళ్ళీ పగలబడి నవ్వారు.

జమేదారు నవ్వలేదు. బాత్రూము ఎటని అడిగి వెళ్ళి, చాలాసేపు మొహం కడుక్కుని వచ్చాడు.

రెండు నెలల్లో గేము మారిపోయింది. కాపలావాళ్ళు ఒకరినొకరు లెక్క చూసుకోవడం మొదలుపెట్టారు. తెరిచి ఉన్న తలుపు దగ్గర ఆగారు. ఒకడు బూటు లేసు కట్టుకోవడానికని వంగి, వంగినవాడు వంగినట్టే పక్కకి చూసేవాడు. ఆడి చూసే కుర్రాళ్ళకి చేతులు చెమటలు పట్టాయి. డైరెక్టరు కాగితం మీద ఒక్కొక్క లోపం కొట్టేస్తూ వచ్చాడు. చివరికి పైనున్న వాక్యం ఒక్కటే మిగిలింది.

“దీన్ని తీసేద్దాం. చప్పుడు విన్నవాడు వెతకాలి, అంతే” అన్నాడు.

“తియ్యొద్దు” అంది మేనకోడలు. “ఒక్క చోట ఉంచుదాం. నేనొక కొత్త లెవెల్ చేస్తున్నాను, అందులో కావాలి.”

ఆ మాట అంటున్నప్పుడు ఆమె మావయ్య వైపు చూడలేదు. ఆయనకది తెలిసింది. అప్పటిదాకా ఏం చెప్పినా ఆయన వైపు చూసి చెప్పేది.

కొత్త లెవెల్, అంటే ఆటలో ఇంకో ఘట్టం, మొదట్లో బూడిదరంగు డబ్బాల్లా ఉంది. మరుసటి వారానికి డబ్బాలు గోడలయ్యాయి. ఇంకో వారానికి గుండ్రటి కాగితం రీళ్ళు వచ్చాయి, ఒకదాని మీద ఒకటి మూడేసి, మనిషికి రెండింతల ఎత్తున. వాటి మధ్య ఒక మనిషి పట్టే సందులు. రేకుల కప్పు. ఎడమ పక్క షట్టరు, దానికి కిందివైపు చిన్న సొట్ట. లారీ వెనక్కి వస్తూ గుద్దినప్పుడు పడిన సొట్ట అది. ఆయనే ఎప్పుడో చిన్నపిల్లకి కథలా చెప్పి ఉంటాడు.

“మన గోడౌను కదే ఇది” అన్నాడు.

“అవును మావయ్యా. నాకు తెలిసిన కాపలా చోటు అదొక్కటే కదా. రెండో షెడ్డు. పై కప్పులోంచి నీళ్ళు ఎక్కడ కారేవి?”

“అన్ని చోట్లా కారేవి.”

“ఎక్కువగా?”

“వెనక మూల.”

ఆమె రాసుకుంది. “కాబిన్ దగ్గర నుంచి ఈ షట్టరు దాకా నడిస్తే ఎంతసేపు?”

“ఎందుకు?”

“చప్పుడు ఎంత దూరం వినిపిస్తుందో లెక్క కట్టాలి.”

“రెండు నిమిషాలు” అన్నాడు. నిజానికి నలభై అడుగులు.

తర్వాతి వారం ఆమె అడిగింది. “నిచ్చెన ఏ గోడకి ఉండేది?”

ఆయన ఆమెకి నిచ్చెన గురించి ఎన్నడూ చెప్పలేదు. నాన్న జారిపడ్డాడని మాత్రమే ఇంట్లో అనేవాళ్ళు. ఆయన షట్టరు పక్క గోడ చూపించాడు. మేనకోడలు మారుమాట లేకుండా నిచ్చెనని అక్కడ పెట్టింది. వారం తిరిగి వచ్చేసరికి నిచ్చెన వెనక మూలలో ఉంది, ఉండాల్సిన చోటే, కింద ఒక మెట్టు విరిగి. పక్కనే ఇనప బకెట్టు. షెడ్డులో వాన పడుతోంది.

ఆ రోజు ఇద్దరూ బస్సులో పక్కపక్కనే కూర్చుని ఇల్లు చేరారు. దిగేటప్పుడు ఆమె ఎప్పటిలాగే “జాగ్రత్త మావయ్యా, మెట్టు ఎత్తుగా ఉంది” అని ఆయన మోచెయ్యి పట్టుకుంది.

ఇక వెళ్ళకూడదనుకున్నాడు. ఒంట్లో బాగాలేదని ఒక వారం ఎగ్గొట్టాడు. కానీ ఇంట్లో ఉంటే కళ్ళ ముందు ఆ షెడ్డే. అది ఇప్పుడు ఎంతవరకు వచ్చిందో, ఇంకా ఏమేం పెట్టిందో చూడకుండా ఉండలేకపోయాడు. మళ్ళీ వెళ్ళాడు.

ఆ రోజు డైరెక్టరు ఎదురొచ్చాడు. “సార్, మీ కోసమే చూస్తున్నాం. కొత్త లెవెల్లో కాపలావాడికి మీ గొంతే కావాలని మీ మేనకోడలు పట్టుబట్టింది. రెండే ముక్కలు. ‘ఎవరూ?’ అనాలి, కాసేపాగి ‘ఏమీ లేదులే’ అనాలి. ఐదు నిమిషాల పని.”

రికార్డింగ్ గది చిన్నది. గోడలకి మెత్తటి దిళ్ళలాంటివి కొట్టారు. తలుపు మూయగానే బయటి లోకం చప్పుడు పూర్తిగా ఆగిపోయింది. అద్దానికి అవతల డైరెక్టరు, మీటల దగ్గర ఒక టెక్నీషియన్, వాళ్ళ వెనక నిలబడి మేనకోడలు. చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించారు.

వాన మొదలైంది. రేకుల కప్పు మీద వాన. వెనక మూల ధారగా నీళ్ళు పడుతున్న చప్పుడు. ఇనప బకెట్టు ఒకటి దడాలున పడి, దొర్లి, గోడకి తగిలి ఆగింది.

“ఎవరూ?” అన్నాడు జమేదారు.

టెక్నీషియన్ బాగుందన్నట్టు బొటనవేలు చూపించాడు. హెడ్‌ఫోన్లలో వాన తప్ప ఇంకేమీ లేదు. ఆయన ఎదురుచూశాడు. తర్వాత ఏం వినపడాలో ఆయనకి తెలుసు. వాళ్ళకి తెలియదు కాబట్టి పెట్టలేదు. ఎంతకీ అది రాలేదు.

“బామ్మర్దీ” అన్నాడు ఆయన, మైకులోకి.

డైరెక్టరు మీట నొక్కి మాట్లాడాడు. “సార్, ఆ మాట స్క్రిప్టులో లేదు. ‘ఏమీ లేదులే’ అనండి.”

ఆయనకి అది వినపడలేదు. “బామ్మర్దీ” అన్నాడు మళ్ళీ. ఈసారి గొంతు ఆయనది కాదు. చాలా దూరం నుంచి, నేల మీద పడి ఉన్న మనిషి పిలిచినట్టుంది.

అద్దానికి అవతల మేనకోడలు డైరెక్టరు భుజం మీద చెయ్యి వేసి ఏదో చెప్పింది. డైరెక్టరూ టెక్నీషియనూ బయటికి వెళ్ళారు. ఆమె లోపలికి వచ్చి తలుపు మూసి, నేల మీద కూర్చుంది.

“నాన్న నిన్ను అలాగే పిలిచేవాడు” అంది. “ఇంకెవరూ అలా పిలవరు.”

“నీకెలా తెలిసింది?”

ఆమె సంచిలోంచి పాత ఫైలు తీసింది. అక్క పింఛను కాగితాల కోసం తను ట్రంకు పెట్టె వెతుకుతుంటే దొరికిందట. బావ పోయినప్పటి విచారణ కాగితాల నకళ్ళు; వాన, విరిగిన నిచ్చెన మెట్టు, బకెట్టు అన్నీ అందులో ఉన్నాయి. అందులో రౌండ్ల రిజిస్టరు పేజీ ఒకటి. జమేదారు చేతిరాత. ‘రెండూ నలభై. రెండో షెడ్డు తలుపు దగ్గర చూశాను. ఏమీ లేదు.’

“మొదట నిన్ను నిజంగా గేము కోసమే రమ్మన్నాను మావయ్యా. ఒట్టు. ఇది తర్వాత దొరికింది. రౌండు గంటకోసారి కదా. రెండూ నలభైకి నువ్వు అక్కడికి ఎందుకు వెళ్ళావు? ముందు గేటు దగ్గరే ఉన్నాను, ఏమీ వినలేదు అని కదా మాకు చెప్పావు?”

ఆయన పేజీ చేతిలోకి తీసుకున్నాడు. అబద్ధం ఆడాలని కూడా తోచని రోజు రాసిన వాక్యం. అలవాటుగా రాసేశాడు.

“సెలవు రోజు. మధ్యాహ్నం. మేమిద్దరమే ఉన్నాం” అని మొదలుపెట్టాడు. “కరెంటు పోయింది. వాన. నీళ్ళు కారి రీళ్ళు తడుస్తున్నాయని టార్పాలిన్ కప్పడానికి బావ వెళ్ళాడు. నేను కాబిన్‌లో టీ కాస్తున్నాను. బకెట్టు పడిన చప్పుడైంది. వెళ్ళి షట్టరు దగ్గర నిలబడ్డాను. లోపల చీకటి. ఎవరూ అన్నాను. అప్పుడు పిలిచాడు.”

“వెళ్ళలేదా?”

“అంతకు రెండు రోజుల ముందు రీళ్ళ వెనక దాక్కుని నన్ను హడలగొట్టాడు. అరగంట వానలో తిప్పించి, చివరికి కాబిన్‌లో నా టీ తాగుతూ కూర్చున్నాడు. మళ్ళీ అదే వేషం అనుకున్నాను. కోపం వచ్చింది. కోపం ఒక్కటే కాదు. ఆ చీకట్లోకి అడుగు పెట్టాలంటే భయం వేసింది. గొంతు మామూలుగా లేదని నాకు తెలుసు. తెలిసీ, ఏమీ లేదులే అని పైకే అనేసి వెనక్కి వచ్చేశాను. మూడింటి రౌండు వాన అని ఎగ్గొట్టాను. నాలుగింటికి వెళ్ళాను.”

ఆమె ఫైల్లో ఇంకో కాగితం మీద వేలు పెట్టింది. డాక్టరు రాసిన నాలుగు వరుసలు. ఒక గంట ముందు తెచ్చి ఉంటే ప్రయత్నించడానికి వీలుండేదని ఉంది. ఆ కాగితం ఆయన అదివరకు చూడలేదు. రెండుసార్లు చదివాడు.

“నన్ను తిట్టవే” అన్నాడు.

“తిట్టడానికి ఎన్ని మాటలు కూడబెట్టుకున్నానో నీకేం తెలుసు” అంది ఆమె. “ఇప్పుడు ఒక్కటీ నోట్లోకి రావడం లేదు. సైకిలు గుర్తొస్తోంది, అదొక చావు.” కళ్ళు తుడుచుకుని లేచింది. “అమ్మకి నేను చెప్పను. నువ్వే చెప్పాలి. రేపటిలోగా.”

మర్నాడు మధ్యాహ్నం ఆయన వెళ్ళేసరికి అక్క గుమ్మం వెలుగులో కూర్చుని చొక్కాలకి కాజాలు కుడుతోంది. కుట్టే దుకాణం వాళ్ళు పంపే పని అది. ఆయన నిలబడే చెప్పాడు. మేనకోడలికి చెప్పినట్టే, ఏదీ తగ్గించకుండా. అక్క సూది ఆపలేదు. అంతా అయ్యాక అడిగింది.

“నిన్ను పిలిచాడా?”

“పిలిచాడు.”

“ఎన్నిసార్లు?”

మేనకోడలు అది అడగలేదు. “రెండుసార్లు. రెండోసారి నేను వెనక్కి తిరిగి నడుస్తుంటే.”

అక్క ఆ కాజా పూర్తి చేసి, దారం పంటితో తెంపి, చొక్కా మడతపెట్టింది. “ఇంక వెళ్ళు” అంది.

ఆయన వెళ్ళాడు. మెట్లు దిగుతుంటే వెనక గడియ పడిన చప్పుడు వినిపించింది. పట్టపగలు ఆ ఇంటి తలుపుకి గడియ పడటం ఆయన ఎన్నడూ ఎరగడు.

నాలుగు నెలలకి గేము రెండో భాగం బయటికి వచ్చింది. గొంతు వేరే ఆర్టిస్టుది పెట్టారు. జమేదారు గొంతులో రికార్డయిన ఆ రెండు పిలుపులు చాలా బాగున్నాయని, ఎలాగైనా వాడుకుందామని డైరెక్టరు బతిమాలాడు. మేనకోడలు వాటిని తన చేత్తోనే చెరిపేసింది. జనం మళ్ళీ మంచీ చెడూ రాశారు. వెలుగునీడలు అద్భుతం అన్నారు. కథ ఇంకా సాగుతూనే ఉందన్నారు. రెండో షెడ్డు ఆడుతుంటే గుండె దడ పుట్టిందని చాలామంది రాశారు. ఒక తప్పు మాత్రం సరిచెయ్యమని పదేపదే అడిగారు. ఆ షెడ్డులో పడి ఉన్న ఒక కాపలావాడి శవాన్ని చూశాక మిగతా కాపలావాళ్ళందరూ కాసేపు వెతికి మళ్ళీ మామూలు దారుల్లో పడతారు. ఒకడు మాత్రం షట్టరు దగ్గరే నిలబడిపోతాడు. ఎంతసేపు ఆగినా కదలడు, పక్కనుంచి వెళ్ళినా పట్టుకోడు. అది పొరపాటు కాదని మేనకోడలు డైరెక్టరుకి చెప్పింది. సరిచెయ్యలేదు.

ఆమె మావయ్యకి ఫోను చేస్తూనే ఉండేది. వారానికి ఒకసారి, రెండు నిమిషాలు. మందులు వేసుకున్నావా, కరెంటు ఉందా. ఆయన పొద్దున్నే వీధిలోకి వెళ్ళడం మానేశాడు. కొట్లవాళ్ళు రెండు మూడు రోజులు అడిగి ఊరుకున్నారు.

ఒకరోజు అక్కే కబురు పెట్టింది. వంటింట్లో కుళాయి విరిగి నీళ్ళు ఆగడం లేదట. ఆయన రెంచి పట్టుకుని పరిగెత్తాడు. చెప్పులు తారుమారుగా వేసుకున్నాడని దారిలో ఎవరో అరిచినా ఆగలేదు. అక్క తలుపు తీసింది. జుట్టు ఇంకాస్త తెల్లబడింది. కాసేపు ఆయన వైపు చూసి పక్కకి తప్పుకుంది.

“రండి” అంది. “కుళాయి అటు ఉంది. మీరు చూసి ఏం కావాలో చెబితే తెప్పిస్తాను.”

పుట్టిన దగ్గర్నుంచి ఆమె ఆయన్ని ‘ఒరేయ్’ అనే పిలిచింది. ‘మీరు’ అనడం అదే మొదటిసారి. ఆ తర్వాత ఉన్నన్నాళ్ళూ అలాగే అంది.